లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం: ఎప్పుడు బటన్, ఎప్పుడు టెర్మినల్

మా చుట్టాల ఇళ్లలో పాత ల్యాప్‌టాప్‌లకు లైనక్స్ మింట్ ఎక్కించి ఇచ్చింది నేనే. వాటిని వాడేవాళ్లలో రిటైరైన టీచరు మా బాబాయి ఒకరు, డీటీపీ పని చేసుకునే తమ్ముడు ఒకడు, బీటెక్ చదివే మేనకోడలు ఒకత్తె. ముగ్గురూ ఫోన్ చేసి అడిగేది ఒక్కటే: “ఫలానా సాఫ్ట్‌వేర్ కావాలి. స్టోర్‌లో బటన్ నొక్కనా, ఆ నల్ల విండో తెరిచి కమాండ్ కొట్టనా?”

ఈ ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు చెప్పేవాళ్లను నేను నమ్మను. టెర్మినల్ రాకపోతే లైనక్స్ వాడటం దండగ అనేవాళ్లున్నారు. కమాండ్ కొట్టాల్సి వస్తే అది సాఫ్ట్‌వేరే కాదు అనేవాళ్లూ ఉన్నారు. నేను మా వాళ్లకు చెప్పేది వేరు. ఏది ఎక్కించినా మూడు సంగతులు మీకు తెలిసి ఉండాలి: అది ఎక్కడి నుంచి వస్తోంది, వస్తూ వస్తూ మీ దగ్గరున్న దేన్ని తీసేస్తోంది, నచ్చకపోతే వెనక్కి ఎలా వెళ్లాలి. బటన్ పక్కనే ఈ మూడూ కనిపిస్తే నిశ్చింతగా బటన్ నొక్కండి. కనిపించకపోతే ఇంకొక మెట్టు లోపలికి వెళ్లండి. ఆ మెట్లు ఎలా దిగాలో వరసగా చెబుతాను.

ఉదాహరణలన్నీ లైనక్స్ మింట్ 22 మీద. ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లకు కూడా చాలావరకు ఇవే పనికొస్తాయి. కమాండ్లను ఫోన్‌లో చెప్పినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మాటకీ మాటకీ మధ్య ఒక ఖాళీ వదిలి టైప్ చేయండి. సుడో అంటే ఎస్, యూ, డీ, ఓ; కమాండ్‌ను అడ్మిన్ అధికారంతో నడిపేది అదే. ఆప్ట్ అంటే ఏ, పీ, టీ; ప్యాకేజీలను తెచ్చేదీ తీసేసేదీ అది. మైనస్ అంటే అడ్డగీత. మైనస్‌కు ముందు ఖాళీ ఉండాలి, దాని తర్వాతి అక్షరానికీ గీతకూ మధ్య మాత్రం ఖాళీ వదలకండి.

మొదట, వెనక్కి వచ్చే దారి

చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని వద్దు. ఏ సాఫ్ట్‌వేర్ జోలికీ వెళ్లకముందే, సిస్టమ్ ఇప్పుడున్న స్థితిని స్నాప్‌షాట్‌గా దాచిపెట్టే టైమ్‌షిఫ్ట్ తెరవండి. మింట్‌లో అది ముందే ఉంటుంది, మెనూలో పేరు కొడితే వస్తుంది. ఉబుంటులో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టైమ్‌షిఫ్ట్ అని తెచ్చుకోవాలి.

తెరవగానే పద్ధతి అడుగుతుంది, ఆర్‌సింక్ ఎంచుకోండి. ఎక్కడ దాచాలో అడుగుతుంది. ఖాళీగా పడి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంటే, దాన్ని లైనక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేసి వాడుకోవడం మేలు. లేకపోతే ల్యాప్‌టాప్ డిస్క్ అయినా సరే. రోజువారీవి రెండు, వారానివి రెండు ఉంచమనండి. మొదటి స్నాప్‌షాట్‌కు కొన్ని జీబీలు, కొంత సేపు పడతాయి. తర్వాతి వాటికి మారిన ఫైళ్ల మేరకే చోటు కావాలి.

ఒకటి గుర్తుంచుకోండి. టైమ్‌షిఫ్ట్ దాచేది సిస్టమ్‌ను. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు ఉండే హోమ్ ఫోల్డర్‌ను అది మామూలుగా ముట్టుకోదు. వాటిని విడిగా వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాల్సిందే. రేపు డెస్క్‌టాప్ అసలు తెరుచుకోని పరిస్థితి వస్తే, మింట్ ఎక్కించడానికి వాడిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అందులోని టైమ్‌షిఫ్ట్ నుంచే పాత స్నాప్‌షాట్‌ను రిస్టోర్ చేయొచ్చు. ఆ పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి సినిమాలకు వాడేయకండి, బీరువాలో పెట్టండి.

ఇక స్టోర్: జింప్‌తో మొదలుపెడదాం

ఫొటోలు సరిచేసే జింప్ కావాలనుకుందాం. సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి పేరు వెతకండి. జింప్ పేజీలో ఒక చిన్న ఎంపిక కనిపిస్తుంది: సిస్టమ్ ప్యాకేజీ, లేదా ఫ్లాట్‌ప్యాక్. చాలామంది దీన్ని చూడకుండానే ఇన్‌స్టాల్ నొక్కుతారు. అక్కడ ఒక్క నిమిషం ఆగండి.

సిస్టమ్ ప్యాకేజీ అంటే ఉబుంటు వాళ్లు నెట్‌లో సాఫ్ట్‌వేర్లు పేర్చి ఉంచే గోదాముల నుంచి వచ్చేది. మింట్ 22 ఉబుంటు 24.04 మీద కట్టింది కాబట్టి అప్పటి జింప్ 2.10.36 వస్తుంది. జింప్ 3.0 మార్చి 2025లో విడుదలైనా ఈ గోదాములోకి రాలేదు. ఇక్కడి వెర్షన్లు విడుదల నాటికే గడ్డకట్టినట్టు ఆగిపోతాయి. ఆ తర్వాత భద్రతకు, లోపాలకు సంబంధించిన సవరణలే వస్తాయి. ఫ్లాట్‌ప్యాక్ అలా కాదు. ఫ్లాట్‌హబ్ అనే వేరే గోదాము నుంచి కొత్త వెర్షన్ నేరుగా వస్తుంది. దానికి కావలసిన లైబ్రరీలను కూడా వెంట తెచ్చుకుని సిస్టమ్‌కు కాస్త ఎడంగా ఉంటుంది.

ఏది తీసుకోవాలి? మా తమ్ముడికి కొత్త జింప్ కావాలి, రోజూ దాంతోనే పని. అతనికి ఫ్లాట్‌ప్యాక్ పెట్టాను. బాబాయికి ఫొటోలు కత్తిరించడం తప్ప వేరే పని లేదు, ఇంట్లో నెట్ కూడా ఫోన్ హాట్‌స్పాట్ మీదే. మొదటి ఫ్లాట్‌ప్యాక్ ఎక్కించినప్పుడు దానితో పాటు రన్‌టైమ్ అనే పునాది సరంజామా వందల ఎంబీల్లో దిగుతుంది. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో అది చిన్న సంగతి కాదు. ఆయనకు సిస్టమ్ ప్యాకేజీయే పెట్టాను. రెండో ఫ్లాట్‌ప్యాక్, మూడో ఫ్లాట్‌ప్యాక్ అదే రన్‌టైమ్‌ను వాడుకుంటే అంత భారం ఉండదు.

పాత వెర్షన్ అనగానే తక్కువదని అనుకోకండి. మార్చి 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలనే పెట్టిన దొంగదారి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు సర్వర్ లాగిన్ కొద్దిగా నెమ్మదించడం గమనించి, కూపీ లాగి పట్టుకున్నారు. అప్పటికే అది ఇంకా పరీక్షలో ఉన్న డెబియన్ టెస్టింగ్‌లోకి, ఫెడోరా అనే ఇంకో లైనక్స్ రాబోయే వెర్షన్లలోకి చేరింది. అందరూ వాడే డెబియన్ స్టేబుల్‌లోకి మాత్రం రాలేదు, అందులో ఉన్నది అంతకంటే పాత వెర్షన్. అందుకని నాది ఒకటే పద్ధతి: సిస్టమ్‌కు ప్రాణమైనవి, అంటే కెర్నల్, డ్రైవర్లు, డెస్క్‌టాప్, ప్రింటర్ వ్యవస్థ, ఎప్పుడూ సిస్టమ్ గోదాము నుంచే. పైపైన వాడుకునే బొమ్మల, వీడియోల, ఆఫీసు సాఫ్ట్‌వేర్లలో కొత్తవి కావాలంటే ఫ్లాట్‌ప్యాక్.

స్టోర్‌లో ఉంది కాబట్టి మంచిదే అని కూడా అనుకోవద్దు. 2018 మే నెలలో ఉబుంటు స్నాప్ స్టోర్‌లోని (స్నాప్ అంటే ఫ్లాట్‌ప్యాక్ లాంటిదే, ఉబుంటు వాళ్ల సొంత పద్ధతి) 2048 అనే అంకెల ఆట ప్యాకేజీలో, మన కంప్యూటర్‌తో గుట్టుగా క్రిప్టో కరెన్సీ తవ్వించే ప్రోగ్రామ్ దొరికింది. ఇలాంటివి దృష్టిలో పెట్టుకునే, తయారుచేసినవాళ్లే పెట్టారని ధ్రువీకరణ లేని ఫ్లాట్‌ప్యాక్‌లను మింట్ 22 మామూలుగా చూపించదు. కావాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూపించమనాలి. చూపించమన్నాక పేరు చూసి కాదు, ప్రచురించింది ఎవరో చూసి ఎక్కించండి. డబ్బు, పాస్‌వర్డ్‌ల జోలికి వెళ్లే సాఫ్ట్‌వేర్ అయితే ధ్రువీకరణ లేనిది అసలు వద్దు.

ఫ్లాట్‌ప్యాక్‌ల మీద మీకు పట్టు కావాలంటే ఫ్లాట్‌సీల్ అనే చిన్న యాప్ ఎక్కించుకోండి, అదీ ఫ్లాట్‌హబ్‌లోనే ఉంది. ఏ యాప్‌కు ఏ ఫోల్డర్ చూసే అనుమతి ఉందో, నెట్, కెమెరా వాడుకోవచ్చో లేదో అందులో మీట నొక్కి మార్చొచ్చు. ఒక యాప్ మీ పెన్‌డ్రైవ్‌లోని ఫైలును తెరవలేకపోతోందంటే చాలాసార్లు కారణం ఈ అనుమతే. యాప్ చెడిపోయిందని తీసేయకముందు ఒకసారి ఇక్కడ చూడండి.

తెలుగు ఫాంట్ల సంగతి కూడా చెబుతాను. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే ఫాంట్స్ తెలు ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీ ఉంది. మల్లన్న, రామభద్ర, మండలి, గిడుగు వంటివి ఫాంట్స్ తెలుగువిజయం ప్యాకేజీలో ఒక్కసారే వస్తాయి. ప్యాకేజీ పేర్లలో మాటల మధ్య అడ్డగీత ఉంటుంది, తెలుగువిజయం మాత్రం ఒకే మాట. ఇవి సిస్టమ్ గోదాము నుంచే తెచ్చుకోండి. సిస్టమ్‌లో ఉన్న ఫాంట్లు ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లకూ కనిపిస్తాయి. తెరిచి ఉన్న యాప్‌ను ఒకసారి మూసి తెరిస్తే చాలు.

స్టోర్ చాలనప్పుడు సినాప్టిక్

బటన్‌కూ టెర్మినల్‌కూ మధ్య ఒక మెట్టు ఉంది. దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ, నాకు మాత్రం అదంటే చాలా ఇష్టం. సినాప్టిక్ ప్యాకేజీ మేనేజర్ మింట్‌లో ముందే ఉంటుంది. చూడటానికి పాతకాలపు సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది కానీ, స్టోర్ దాచేవన్నీ మౌస్‌తోనే చూపిస్తుంది.

ఇలా చేయండి. తెరిచి ముందు రీలోడ్ నొక్కండి. సెర్చ్‌లో ప్యాకేజీ పేరు కొట్టండి. పేరు మీద రైట్ క్లిక్ చేసి మార్క్ ఫర్ ఇన్‌స్టాలేషన్ అనండి. దీనితో పాటు ఇంకేం రావాలో ఒక జాబితా చూపిస్తుంది, ఒప్పుకోండి. ఇంతవరకూ మీ కంప్యూటర్‌లో ఏమీ మారలేదు, గుర్తు మాత్రమే పెట్టారు. ఇప్పుడు అప్లై నొక్కితే సారాంశం విండో వస్తుంది. అందులో కొత్తగా వచ్చేవి ఒక గుంపుగా, తీసేసేవి ఒక గుంపుగా ఉంటాయి. తీసేసే గుంపు ఉందంటే దాన్ని విప్పి ప్రతి పేరూ చదవండి. మింట్ మెటా, సినమన్, ఎక్స్‌ఆర్గ్, పైథాన్3 లాంటి పేర్లు అక్కడ కనిపిస్తే వెంటనే క్యాన్సిల్ చేయండి. ఒక బొమ్మల సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి డెస్క్‌టాప్ పోవాల్సిన అవసరం ఎప్పటికీ ఉండదు. ఉంటే ఎక్కడో ముడి పడిందని అర్థం.

రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే ఆ ప్యాకేజీ ఏయే ఫైళ్లు ఎక్కడెక్కడ పెట్టిందో, ఏయే వెర్షన్లు దొరుకుతున్నాయో ఉంటుంది. ప్యాకేజీ మెనూలో ఫోర్స్ వెర్షన్ అని ఉంది, గోదాములో ఇంకో వెర్షన్ ఉంటే దానికి మారొచ్చు. ఫైల్ మెనూలోని హిస్టరీలో, సినాప్టిక్ ద్వారా ఏ తేదీన ఏం చేశారో ఉంటుంది. లాక్ వెర్షన్ కూడా ఉంది కానీ ఆ తాళాన్ని టెర్మినల్‌లోని ఆప్ట్ పట్టించుకోకపోవచ్చు. ఒక ప్యాకేజీని ఆపి ఉంచాలంటే తర్వాత చెప్పబోయే హోల్డ్ వాడండి.

టెర్మినల్: కొట్టే ముందు అడగండి

ఇక్కడ ఒక కథ చెప్పాలి. నవంబర్ 2021లో కెనడాకు చెందిన ప్రసిద్ధ టెక్ యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ ఆటల కోసం పాప్ ఓఎస్ అనే లైనక్స్ ఎక్కించుకున్నారు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ యాప్ కోసం స్టోర్‌లో బటన్ నొక్కితే ఇన్‌స్టాల్ కాలేదు. నెట్‌లో వెతికి, టెర్మినల్‌లో స్టీమ్ ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టారు. ఆప్ట్ ఒక పొడవాటి జాబితా చూపించింది. దాని అర్థం ఏమిటంటే, స్టీమ్ కోసం డెస్క్‌టాప్‌నే తీసేస్తాను అని. ఏం చేస్తున్నారో పక్కాగా తెలిస్తే తప్ప ముందుకు వెళ్లొద్దు, వెళ్లాలంటే “అవును, నేను చెప్పినట్టు చెయ్యి” అనే ఇంగ్లీషు వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా టైప్ చేయండి అని అడిగింది. ఆయన టైప్ చేశారు. డెస్క్‌టాప్ పోయింది.

అసలు తప్పు ఆ రోజు గోదాములోని ప్యాకేజీల పొంతనలో ఉంది. పాప్ ఓఎస్ వాళ్లు దాన్ని సరిచేశారు. ఆప్ట్ తయారుచేసేవాళ్లు కూడా ఆ తర్వాత పద్ధతి మార్చారు, ఆ ఒక్క వాక్యం టైప్ చేసినంత మాత్రాన అత్యవసర ప్యాకేజీలను తీసేయనివ్వదు. నాకు మాత్రం ఈ కథలో మనకు పనికొచ్చేది వేరే కనిపిస్తుంది. స్టోర్ కాలేదని చెప్పింది గానీ ఎందుకు కాలేదో అర్థమయ్యేలా చెప్పలేదు. టెర్మినల్ అంతా చెప్పింది గానీ, చదవడం అలవాటు లేనివాళ్లకు కళ్లు తిరిగేలా చెప్పింది. ఆ మనిషిని తెలివితక్కువవాడు అన్నవాళ్లతో నేను ఏకీభవించను. అలాంటి జాబితాను ఎలా చదవాలో మనకెవరూ నేర్పరు. ఇప్పుడు నేర్చుకుందాం.

మొదట సుడో ఆప్ట్ అప్‌డేట్. ఇది దేన్నీ మార్చదు, గోదాముల తాజా పట్టీని తెచ్చుకుంటుంది, అంతే.

తర్వాత ఆప్ట్ పాలసీ, పక్కన ప్యాకేజీ పేరు. ఉదాహరణకు ఆప్ట్ పాలసీ జింప్. ఇన్‌స్టాల్డ్ అన్న వరసలో ఇప్పుడున్న వెర్షన్, క్యాండిడేట్ అన్న వరసలో ఎక్కించబోయే వెర్షన్, వాటి కింద అది ఏ గోదాము నుంచి వస్తోందో చిరునామా ఉంటాయి. చిరునామాల పక్కన 500 అనే అంకె ఎక్కువగా కనిపిస్తుంది, అది గోదాముకు ఇచ్చిన మామూలు ప్రాధాన్యం. మీకు తెలియని చిరునామా కనిపిస్తే అక్కడే ఆగి, అది ఎప్పుడు చేర్చారో గుర్తు చేసుకోండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఆప్ట్ ఇన్‌స్టాల్ మైనస్ ఎస్ జింప్. మైనస్ ఎస్ అంటే నటించి చూపించు అని. ఎక్కిస్తే ఏమవుతుందో మొత్తం చెబుతుంది, ఏమీ చేయదు. దీనికి సుడో అక్కర్లేదు, పాస్‌వర్డ్ అడగదు, కాబట్టి పొరపాటున కూడా నష్టం జరగదు. వచ్చిన దాంట్లో రెండు చోట్ల చూడండి. పెద్దక్షరాల్లో రిమూవ్డ్ అనే మాట ఉందా? ఉంటే దాని కింది పేర్లన్నీ చదవండి. చివర్లో లెక్క ఉంటుంది: ఇన్ని అప్‌గ్రేడ్, ఇన్ని కొత్తవి, ఇన్ని తీసేసేవి. తీసేసేవి సున్నా అయితే చాలావరకు టెన్షన్ పడక్కర్లేదు. 2025లో వచ్చిన ఆప్ట్ 3.0 నుంచి తీసేసేవాటిని ఎర్ర రంగులో, కొత్తవాటిని ఆకుపచ్చ రంగులో చూపిస్తోంది. డెబియన్ 13 వాడేవాళ్లకు అది ఇప్పటికే ఉంది.

అంతా బాగుంటే అప్పుడు సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జింప్. కమాండ్ చివర మైనస్ వై పెట్టమని చాలా వీడియోల్లో చెబుతారు. అది పెడితే అడగకుండానే అన్నిటికీ అవును అంటుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌లో ఆ రెండు అక్షరాలు కొట్టకండి. ఆప్ట్ ఆగి అడిగే ఆ ఒక్క క్షణమే మీ చేతిలో ఉన్న అదుపు.

తీసేయడానికి ఆప్ట్ రిమూవ్. సెట్టింగ్ ఫైళ్లు కూడా పోవాలంటే ఆప్ట్ పర్జ్. ఆప్ట్ ఆటోరిమూవ్ అనేది ఇక ఎవరికీ అక్కర్లేనివాటిని తుడుస్తుంది, మంచిదే, కానీ దానికీ ముందు మైనస్ ఎస్‌తో చూడండి. ఏం జరిగిందో తర్వాత తెలుసుకోవాలంటే వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆప్ట్, అందులో హిస్టరీ డాట్ లాగ్ అనే ఫైలు ఉంటుంది. ఏ రోజు, ఏ కమాండ్‌తో, ఏం వచ్చాయో, ఏం పోయాయో అన్నీ ఉంటాయి. ఎవరైనా నాకు ఫోన్ చేసి నిన్నటి నుంచి సౌండ్ రావట్లేదంటే నేను మొదట అడిగేది ఆ ఫైలు చివరి పది వరసలే.

ఉబుంటు వాడేవాళ్లకు

ఉబుంటు 22.04 నుంచి ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్ అని కొట్టినా వచ్చేది స్నాప్. ఆప్ట్‌లో ఉన్నది స్నాప్‌ను తెచ్చిపెట్టే ఖాళీ ప్యాకేజీ మాత్రమే. ఆప్ట్ పాలసీ ఫైర్‌ఫాక్స్ కొడితే వెర్షన్ పేరులోనే స్నాప్ అని కనిపిస్తుంది. క్రోమియం బ్రౌజర్ అంతకుముందే ఇలా మారింది. అన్ని ఉబుంటు వెర్షన్లకూ ఒకే ప్యాకేజీ చేస్తే సరిపోతుంది, భద్రతా సవరణలు త్వరగా అందుతాయి అన్నది వాళ్ల కారణం, అది నిజమే. అయినా ఒకటి అడిగినవాళ్లకు చెప్పకుండా ఇంకొకటి ఇవ్వడం నాకు నచ్చలేదు. మింట్ వాళ్లకూ నచ్చక 2020లో మింట్ 20 నుంచి, ఆప్ట్ తనంతట తాను స్నాప్‌ను తెచ్చిపెట్టకుండా ఒక చిన్న ఫైలుతో అడ్డుకట్ట వేశారు. కావాలనుకున్నవాళ్లు ఆ ఫైలు తీసేసుకోవచ్చు.

స్నాప్‌లు రోజుకు నాలుగుసార్లు వాటంతట అవే అప్‌డేట్ల కోసం చూసుకుంటాయి. పరీక్షో ప్రెజెంటేషనో ఉన్న వారం ఆపాలంటే సుడో స్నాప్ రిఫ్రెష్ అని, ఎంటర్ నొక్కకుండా అదే వరసలో రెండు అడ్డగీతలు పెట్టి హోల్డ్ అనండి, పక్కన యాప్ పేరు. మళ్లీ వదిలేయడానికి అన్‌హోల్డ్. కొత్త వెర్షన్ ఇబ్బంది పెడితే సుడో స్నాప్ రివర్ట్, పక్కన పేరు. ముందటి కాపీ దాచి ఉంచుతుంది కాబట్టి నిమిషంలో వెనక్కి వెళ్తుంది. ఈ రివర్ట్ సౌకర్యం ఆప్ట్‌లో ఇంత తేలిక కాదు, స్నాప్‌లో నాకు బాగా నచ్చినది ఇదే.

పైథాన్ నేర్చుకునే పిల్లలకు

మా మేనకోడలు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి కంగారు పడింది ఇక్కడే. పైథాన్ లైబ్రరీలను తెచ్చే పిప్‌తో పిప్ ఇన్‌స్టాల్ కొడితే ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్ అని ఎర్రర్ వచ్చింది. 2023లో వచ్చిన డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి ఇలా ఆపుతోంది. దీన్ని దాటడానికి బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ పెట్టమని, లేదా ఎర్రర్ ఇచ్చే ఫైలునే తుడిచేయమని వీడియోల్లో చెబుతున్నారు. ఆప్షన్ పేరులోనే సిస్టమ్ ప్యాకేజీలను విరగ్గొట్టు అని ఉంది. దయచేసి అలా చేయకండి.

కారణం ఏమిటంటే మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్, అప్‌డేట్ మేనేజర్ రెండూ పైథాన్‌లో రాసినవే. సిస్టమ్ పైథాన్ లైబ్రరీని మీరు పిప్‌తో మార్చేస్తే, రేపు అప్‌డేట్ మేనేజర్ తెరుచుకోకపోవచ్చు. పాతది గొడవగా ఉంది, తీసి మళ్లీ వేద్దాం అని ఆప్ట్ రిమూవ్ పైథాన్3 కొట్టడం ఇంకా ప్రమాదం, దానితో పాటే డెస్క్‌టాప్ వెళ్లిపోతుంది.

సరైన దారి తేలికే. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3, అడ్డగీత, వెన్వ్. వెన్వ్ అంటే వీ, ఈ, ఎన్, వీ; సిస్టమ్ పైథాన్‌ను ముట్టుకోకుండా మీ ప్రాజెక్టుకు విడి గది కట్టేది. మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి పైథాన్3 మైనస్ ఎమ్ వెన్వ్ మైపై అనండి. మైపై అన్నది మీరు పెట్టుకునే పేరు, ఏదైనా ఫరవాలేదు. ఆ పేరుతో ఒక ఫోల్డర్ వస్తుంది. తర్వాత సోర్స్ అని, ఖాళీ వదిలి, మైపై స్లాష్ బిన్ స్లాష్ యాక్టివేట్. ఇప్పుడు వరస మొదట్లో బ్రాకెట్లలో మైపై అని కనిపిస్తుంది. ఇక పిప్ ఇన్‌స్టాల్ ఎంత కొట్టినా అది ఆ ఫోల్డర్‌లోకే వెళ్తుంది. పాడైతే ఫోల్డర్ తుడిచి మళ్లీ మొదలుపెట్టడమే, సుడో అవసరమే ఉండదు. ప్రాజెక్టుతో సంబంధం లేని పైథాన్ టూల్స్ కావాలంటే పిప్‌ఎక్స్ ఎక్కించుకోండి, ఒక్కొక్క దానికి ఇలాంటి గది అదే కట్టిపెడుతుంది.

బయటి నుంచి తెచ్చేవి

క్రోమ్ లాంటివి వాళ్ల వెబ్‌సైట్ నుంచి డెబ్ ఫైలుగా వస్తాయి. డబుల్ క్లిక్ చేస్తే చాలు. టెర్మినల్‌లో అయితే ఆ ఫోల్డర్‌లో నిలబడి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని, డాట్ స్లాష్ పెట్టి, దాన్ని అంటించి ఫైలు పేరు కొట్టండి. డీపీకేజీ మైనస్ ఐ అని కొట్టమనే పాత సలహా వినకండి, దానికి కావలసిన మిగతా ప్యాకేజీలను అది తెచ్చుకోదు. క్రోమ్ డెబ్ తన సొంత గోదాము చిరునామాను కూడా మీ సిస్టమ్‌లో చేరుస్తుంది. అందుకే దాని అప్‌డేట్లు మిగతావాటితో పాటు వస్తాయి. అది సౌకర్యమే, చేరిందన్న సంగతి మీకు తెలిసి ఉండాలి.

పీపీఏలు అంటే ఎవరైనా విడిగా నడిపే గోదాములు. వాటి విషయంలో నేను బాగా దెబ్బతిన్నాను. కొత్త వెర్షన్లన్నీ కావాలన్న ఉత్సాహంలో ఒక ల్యాప్‌టాప్‌కు తొమ్మిది చేర్చాను. రెండేళ్ల తర్వాత సిస్టమ్‌ను పై వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేయబోతే, వాటిలో సగం ఎప్పుడో వదిలేసినవి. వాటి లైబ్రరీలు కొత్తవాటితో కలవక అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోయింది. ఆ ఆదివారమంతా దానికే పోయింది. ఇప్పుడు ముందు ఫ్లాట్‌హబ్‌లో చూస్తాను, అక్కడ లేకపోతేనే పీపీఏ. చేర్చిన రోజే ఎందుకు చేర్చానో రాసుకుంటాను. అప్‌గ్రేడ్‌కు ముందు మింట్‌లో సాఫ్ట్‌వేర్ సోర్సెస్ తెరిచి అన్నిటినీ ఆపేస్తాను.

కర్ల్ అని మొదలై సుడో బ్యాష్‌తో ముగిసే ఒక్క వరస కమాండ్‌ను ఎక్కడైనా చూస్తే నేరుగా అతికించకండి, అది నెట్ నుంచి ఒక స్క్రిప్ట్‌ను తెచ్చి అక్కడికక్కడే అడ్మిన్ అధికారంతో నడిపేస్తుంది. ఆ చిరునామాను బ్రౌజర్‌లో తెరిచి, స్క్రిప్ట్‌ను సేవ్ చేసి, టెక్స్ట్ ఎడిటర్‌లో చదవండి. అంతా అర్థం కాకపోయినా ఏ గోదాము చేరుస్తోంది, ఏ ఫోల్డర్లలో రాస్తోంది, దేన్ని తుడుస్తోంది అన్నది కనిపెట్టొచ్చు. సోర్స్ కోడ్ నుంచి కట్టుకునేవి చాలావరకు మేక్ ఇన్‌స్టాల్‌తో యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి, ఆప్ట్ లెక్కల్లోకి రావు. కట్టక తప్పకపోతే ప్రిఫిక్స్ ఆప్షన్‌తో మీ హోమ్‌లోనే ఒక ఫోల్డర్ ఇవ్వండి.

అప్‌డేట్‌ను ఆపి ఉంచడం

మా తమ్ముడి దగ్గర ఒక పాత స్కానర్ ఉంది. దాని సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో మొరాయించింది, ముందటిది బాగా పనిచేసేది. ముందటి దానికి మార్చి సుడో ఆప్ట్ మార్క్ హోల్డ్ అని, ప్యాకేజీ పేరు కొట్టాను. ఆప్ట్‌కూ మార్క్‌కూ మధ్య అడ్డగీత ఉంటుంది. వదలాలంటే అన్‌హోల్డ్, ఏవేవి ఆపి ఉన్నాయో చూడాలంటే ఆప్ట్ మార్క్ షోహోల్డ్. ఫ్లాట్‌ప్యాక్‌లకు ఇదే పని ఫ్లాట్‌ప్యాక్ మాస్క్ చేస్తుంది.

ఆపిన ప్యాకేజీకి భద్రతా సవరణలు కూడా ఆగిపోతాయి. కాబట్టి బ్రౌజర్‌ను, నెట్‌తో మాట్లాడే దేన్నీ ఎక్కువ కాలం ఆపవద్దు. హోమ్ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి తేదీ, పేరు, కారణం రాయండి. ఆ ఫైలును రెండు మూడు నెలలకోసారి తెరిచి, కారణం ఇంకా ఉందో లేదో చూడండి. మా తమ్ముడి స్కానర్ మూడు నెలల తర్వాత వచ్చిన వెర్షన్‌తో సరిపోయింది, హోల్డ్ తీసేశాను.

ఇంట్లో పెద్దవాళ్ల ల్యాప్‌టాప్‌కు

ఇదంతా బాబాయికి నేర్పలేదు, నేర్పాల్సిన అవసరమూ లేదు. ఆయన యంత్రంలో ఒకసారి అమర్చి పెట్టాను. అప్‌డేట్ మేనేజర్ తెరిచి, ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేషన్ ట్యాబ్‌కు వెళ్లండి. అప్‌డేట్లు వాటంతట అవే ఎక్కేలా మీట తిప్పండి. పాత కెర్నళ్లను తీసేసే మీట కూడా అక్కడే ఉంది, అదీ తిప్పండి, లేకపోతే చిన్న డిస్క్ నిండిపోతుంది. ఫ్లాట్‌ప్యాక్‌లు ఉంటే వాటి మీట కూడా. టైమ్‌షిఫ్ట్ రోజువారీ స్నాప్‌షాట్ ఆన్‌లో ఉందో లేదో చివరగా చూడండి.

ఆయనకు కొత్తది ఏదైనా కావాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి ఎక్కించుకుంటారు. ఇంకేవో ప్యాకేజీలు కూడా మారతాయని చిన్న విండో వస్తే మాత్రం దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి నాకు పంపి, నేను చూసి సరే అన్నాకే ఓకే నొక్కుతారు. రెండేళ్లలో అలా నాలుగు ఫొటోలు వచ్చాయి. మూడింటికి సరే అన్నాను. నాలుగో దాంట్లో తీసేసే జాబితాలో ప్రింటర్ డ్రైవర్ ఉంది, వద్దన్నాను.